చివరి మడి దాకా టెస్ట్ రైడ్

ఆ ఆదివారం పొద్దున విజయ్‌కుమార్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మమత ఉప్మా దించేలోగా రాందాస్ సైకిళ్ల షాపుకు వెళ్లాలి. అక్కడున్న రెండు మౌంటెన్ బైకులనూ ఒక్కో చుట్టు తొక్కి చూడాలి. ఏది నచ్చిందో మనసులో దాచుకుని, ఏమీ ఎరగనట్టు ఇంటికొచ్చి చేతులు కడుక్కోవాలి. కొనడం మాట తర్వాత. బాన్సువాడలో మందుల దుకాణం నడుపుతూ, ఏళ్ల తరబడి కౌంటరు వెనక కూర్చుని పొట్ట పెంచుకున్న మనిషి అంతకంటే పెద్ద పథకం వేసే రకం కాదు.

పిచ్చి మాత్రం పెద్దదే. నిరుటి వానాకాలం నుంచి దుకాణం మూసి ఇంటికి రాగానే ఫోనులో అవే వీడియోలు. ఎక్కడివాళ్లో ఏమో, రాళ్ల గుట్టల మీద, చెట్ల వేళ్ల మీద సైకిళ్లు దూకిస్తుంటే ఈయన మంచం మీద కూర్చుని ఊపిరి బిగబట్టేవాడు. ఏ షాక్ అబ్జార్బరు ఎంత దిగుతుంది, ఏ టైరు ఏ మట్టిని పడుతుంది, అడిగితే నిద్రలో లేపినా చెప్పగలడు. సైకిలెక్కి మాత్రం ఇరవై ఏళ్లు దాటింది. ఆ వీడియోల వాళ్లందరూ చెప్పేది ఒక్కటే మాట. రంగు చూసి కొనకండి, మీరు రోజూ తిరిగే నేల మీదే తొక్కి చూసి కొనండి. ఆ మాట ఆయన మనసులో మంత్రంలా నాటుకుపోయింది.

మధ్యలో మమత ఉంది. సైకిలంటే ఆమెకు పగేమీ లేదు, ఆమె గోల వేరు. ఆమె తల్లి భూమవ్వ పొలం కోటగిరి దిక్కున కాలువకు చిట్టచివర ఉంది. యాసంగి వరి పొట్టకొచ్చింది. ఇప్పుడు నీళ్లు అందకపోతే గింజ పాలు పోసుకోదు, కోతలనాటికి మిగిలేది గడ్డే. కాలువలో నీళ్లు వదిలారు కానీ అవి చివరిదాకా రావడం లేదు. పైనున్న రైతులు కాలువకు అడ్డంగా మట్టి నింపిన గోనెసంచులు వేసి తమ చెరుకు తోటలకు మలుపుకుంటున్నారు. అడిగితే ఎవరూ వేయలేదంటారు. ఇరిగేషన్ ఆఫీసర్ల జీపు చప్పుడు వినపడగానే సంచులు మాయమవుతాయి, జీపు పోగానే మళ్లీ వచ్చి కూర్చుంటాయి. ఆ ఆఫీసుకు ఈ మధ్యే ఎవరో కొత్త సారు బదిలీ మీద వచ్చాడట, ఆయనను ఇంకా ఎవరూ చూడలేదట. ఇదంతా మమత రోజూ పొద్దున్నే తల్లితో ఫోనులో మాట్లాడుతుంటే విజయ్‌కుమార్ చెవిన పడేది. పడి, అటు నుంచి అటే పోయేది.

ముందురోజు రాత్రి భోజనాల దగ్గర ఆయన సైకిలు మాట కొంచెంగా కదిపి చూశాడు. మమత కంచం వైపు చూస్తూనే తేల్చేసింది.

"సైకిల్ పేరెత్తకు. ముందుగాల మా అవ్వ చివరి మడికి నువ్వు నీళ్లు తెప్పియ్యి. గా దినం నేనే నిన్ను తోల్కపోయి కొనిపిస్త."

కాదనడానికి ఇదొక పద్ధతి అనుకున్నాడు విజయ్‌కుమార్. ఆ మడికి నీళ్లొచ్చేది లేదు, తనకు సైకిలొచ్చేది లేదు. అయినా తొక్కి చూడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు కదా.

రాందాస్ తాత దెగ్లూరు నుంచి వచ్చి బాన్సువాడలో పంక్చర్లు వేశాడు, తండ్రి సైకిళ్లు కిరాయికి ఇచ్చాడు, ఇతను ఏకంగా మౌంటెన్ బైకులు తెప్పించాడు. తెప్పించాడే కానీ వచ్చినవాళ్లు దూరం నుంచి చూసి దండం పెట్టి పోతున్నారు. క్యారియర్ ఏదని కొందరు, స్టాండ్ ఏదని కొందరు, గంట కూడా లేకపోతే ఇదేం సైకిలని అందరూ. మొదటిదానికి ముందు మాత్రమే షాకులున్నాయి. విజయ్‌కుమార్ దాన్ని వీధి చివరి దాకా తొక్కి, స్పీడుబ్రేకరు మీదినుంచి వెళ్లి, నడుం పట్టుకుని తిరిగొచ్చాడు. రెండోదానికి వెనక కూడా షాకుంది. అదే స్పీడుబ్రేకరు మీదికి మళ్లీ వెళ్లాడు. స్పీడుబ్రేకరు ఉందో లేదో తెలియలేదు. ఆగి, వెనక్కి తిరిగి చూశాడు. ఉంది. మళ్లీ వెళ్లాడు. మళ్లీ తెలియలేదు. అబ్బ, ఆ మనిషి ముఖం చూడాల్సింది, గుడిలోంచి బయటికొచ్చినవాడి ముఖం అది.

అంతటితో ఇంటికి పోతే ఈ కథే లేదు. కానీ వీడియోల మంత్రం గుర్తొచ్చింది. తిరిగే నేల మీద తొక్కాలి. ఇక్కడ తిరిగే నేల అంటే కాలువ గట్టే కదా. రెండోదాన్ని ఒక్క గంట ఇవ్వమని బతిమాలితే రాందాస్ కాసేపు ఆలోచించి మూడు షరతులు పెట్టాడు. స్కూటర్ తన దగ్గర ఉంచి పోవాలి. బోధన్ నుంచి ఒకాయన పగటిపూట చూడ్డానికి వస్తున్నాడు కాబట్టి ఆలోగా సైకిలు షాపులోని స్టాండు మీద ఉండాలి. ఒక్క గీత పడ్డా, ఒక్క మట్టి మరక అంటినా ఇక అది విజయ్‌కుమార్‌దే. పడితే తన పేరు చెడుతుందని భయపడి తెల్లటి హెల్మెట్, చేతులకు తొడుగులు, నల్ల కళ్లద్దాలు, దుమ్ముకు మూతికి కట్టుకునే గుడ్డ కూడా తనే ఇచ్చాడు. ఇచ్చాక దూరంగా జరిగి చూసి, పంపుతున్నది మందుల దుకాణం విజయ్‌కుమార్‌నేనా అని అనుమానపడ్డాడు.

కాలువ గట్టెక్కగానే విజయ్‌కుమార్ లోకం మారిపోయింది. ఒక పక్క పచ్చటి వరి, ఒక పక్క చెరుకు, మధ్యలో ఎర్రమట్టి బాట. ట్రాక్టర్లు తిరిగి గుంతలు పడిన బాట అది. ఆటోలో పోతే పేగులు నోట్లోకి వస్తాయి. ఈ సైకిలు మాత్రం ఒక్కో గుంతలోకి మెల్లగా దిగి, అంతే మెల్లగా ఎక్కి, నీకెందుకు ఫికర్ అన్నట్టు పోతోంది. హ్యాండిల్ పక్కన చిన్న మీట ఉంది. నొక్కితే సీటు దానంతట అదే కిందికి దిగుతుంది. మళ్లీ నొక్కితే పైకి లేస్తుంది. ఆయన దాన్ని ఊరికే నొక్కుతూ, సంబరంతో లేస్తూ కూర్చుంటూ పోతున్నాడు. హ్యాండిల్‌కు బిగించిన ఫోనులోంచి ఒక ఆడగొంతు కిలోమీటరుకొకసారి ఇంగ్లీషులో దూరం చెబుతోంది. తను పుట్టి పెరిగిన నేల ఇంత అందంగా ఉందని, దాని మీద ఇన్ని కొంగలు వాలతాయని నలభై దాటాక తెలుసుకోవడం ఆయనకే సిగ్గనిపించింది.

ఒకచోట కాలువలో గోనెసంచులు గుట్టగా కనపడ్డాయి. విజయ్‌కుమార్ కళ్లకు అవి సంచుల్లా కనపడలేదు. వీడియోల్లో చూసిన రాళ్ల గుట్టలా కనపడ్డాయి. ఎక్కి దిగి చూద్దామనిపించింది. సైకిలును గట్టు మీంచి కిందికి దించాడు, సంచుల మీదికి ఎక్కించాడు, అవతలి ఒడ్డున దించాడు. సైకిలు నవ్వుతూ చేసినట్టు చేసింది. మళ్లీ ఎక్కించాడు. ముందు బ్రేకు పట్టి షాకులు నొక్కి చూశాడు, వంగి టైరు వత్తి చూశాడు, సీటు దించాడు, లేపాడు. చివరికి సైకిలును ఆ సంచులకే ఆనించి, రాత్రి మంచంలో చూసుకుందామని నాలుగు పక్కల నుంచీ ఫొటోలు తీసుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఫోనులోని ఆడగొంతు ఇంగ్లీషులో ఏదో లెక్క చెప్పింది.

ఆ సంచులు రాజేశ్వర్‌వి. గట్టున పెద్ద చెరుకు తోట ఆయనది. తోటలోంచి రాజేశ్వర్ ఇదంతా చూస్తున్నాడు. తెల్ల హెల్మెట్ పెట్టుకుని, మూతికి గుడ్డ కట్టుకుని, సంచుల మీద ఎక్కి తొక్కి, ఫొటోలు తీసి, ఏదో మిషనుతో కొలిచి చెప్పించుకుంటున్న మనిషి ఇంకెవరై ఉంటాడు? జీపైతే చప్పుడు వినపడుతుందని కొత్త సారు సైకిలు మీద దిగాడు. గట్టు పుట్టినప్పటి నుంచి ఏ ఆఫీసరుకూ రాని తెలివి ఇది. రాజేశ్వర్ పరుగున వచ్చి చేతులు కట్టుకుని నిలబడి, సార్ చాయ తాగుదురు రండి అని పిలిచాడు.

సంచులెక్కి దిగిన ఆయాసానికి విజయ్‌కుమార్ గొంతు పెగల్లేదు. ఎవరి పొలంలోకో వచ్చానని మాత్రం అర్థమైంది. చెయ్యి అడ్డంగా ఊపి, సైకిలెక్కి వెళ్లిపోయాడు. రాజేశ్వర్ ఆలోచనలో పడ్డాడు. మాట్లాడే ఆఫీసరును బతిమాలుకోవచ్చు, చాయ కూడా తాగకుండా ఫొటోలతో పోయేవాణ్ని ఏం చేయాలి? తోటలోని మనుషులను కేకేసి సంచులన్నీ అప్పటికప్పుడు లాగేయించాడు. కిందున్న రైతులకు ఫోన్లు చేశాడు. గట్టు పొడుగునా సంచులు పెట్టుకున్నవాళ్లందరికీ ఆ కబురు చేరింది. ఒకరిని చూసి ఒకరు పీకడం మొదలుపెట్టారు. తర్వాత, సారు కాళ్లో వేళ్లో పట్టుకుని ఫొటోలు చెరిపించేద్దామని తలా ఒక మోటరుసైకిలెక్కి వెనకాల బయలుదేరారు.

విజయ్‌కుమార్ వెనక్కి తిరిగి చూశాడు. దుమ్ము. ఆ దుమ్ములో మోటరుసైకిళ్లు. ఇందాకటి మనిషి ముందున్నాడు. సంచులు తొక్కినందుకు కొట్టడానికి వస్తున్నారనుకున్నాడు, ఇంకేమనుకుంటాడు పాపం. పక్కకు దిగుదామంటే ఒక పక్క కాలువ, ఒక పక్క తోట. వెనక్కి తిరిగే దారి లేదు. పెద్ద గేరు వేసి ప్రాణం పెట్టి తొక్కాడు. ఆయన ఎంత తొక్కితే వెనకవాళ్లకు అంత భక్తి పెరిగింది. ఎండలో నీళ్లు కూడా తాగకుండా చివరిదాకా చూసొచ్చే ఆఫీసరును వాళ్లు ఈ జన్మలో చూడలేదు. దాటి ముందుకు వెళ్లడం మర్యాద కాదని వాళ్లూ నెమ్మదిగా వెనకే వచ్చారు. రాందాస్ పెట్టిన గంట ఎప్పుడో దాటిపోయింది.

గట్టు ఎక్కడైనా ముగియాల్సిందే. ఒక మలుపు తిరగగానే బాట అయిపోయింది, ఎదురుగా ఖాళీ గాలి. ఆయన చేసిందల్లా సీటు దించే మీట నొక్కి కళ్లు మూసుకోవడమే. మిగతాదంతా సైకిలే చేసింది. గట్టు జారి, ఎండిన పిల్లకాలువలో దిగి, అవతలి ఒడ్డెక్కి, ఒక మడి మధ్యలో ఆగింది. కళ్లు తెరిచి చూసుకుంటే తను బతికే ఉన్నాడు. ఒక్క గీత పడలేదు. చుట్టూ నెర్రెలు వారిన నేల, కొసలు పసుపెక్కిన వరి. ఎదురుగా కొడవలి పట్టుకుని నిలబడ్డ ఆడమనిషి భూమవ్వ, ఆయన అత్తగారు.

ఊళ్లో వాళ్లకు విజయ్‌కుమార్ తెల్లచొక్కా వేసుకుని దసరాకు వచ్చి, తిని, పడుకుని, కారెక్కిపోయే అల్లుడిగానే తెలుసు. హెల్మెటూ గుడ్డా ఉన్న మనిషిలో వాళ్లెవరూ ఆయన్ని పోల్చుకోలేదు. భూమవ్వకు మాత్రం ఆ పొట్ట, ఆ ఆయాసం చాలు. పోల్చుకుంది. ఆ వైపు అత్తలు అల్లుడి ఎదుట నిలబడరు, మొహం చూసి మాట్లాడరు. ఏమైనా చెప్పాలంటే బర్రెకో గోడకో చెప్పినట్టు చెబుతారు. అలవాటుకొద్దీ ఆమె చెయ్యి కొంగును నెత్తి మీదికి లాగేసింది, మనిషి పక్కకు తిరిగింది. ఈలోగా మోటరుసైకిళ్లు దిగి జనం చుట్టూ చేరారు. సార్ సార్ అనడం తప్ప ఒక్కరూ చెయ్యెత్తలేదు. తన్నులు తప్పాయని విజయ్‌కుమార్‌కు అర్థమైంది, తను సారెందుకయ్యాడో మాత్రం కాలేదు.

పక్క మడి హేమ్లి చూపు చురుకైనది. "ఏందవ్వా, సార్‌ను చూసి కొంగు కప్పుతున్నవ్?" అని అడిగేసింది. అందరూ భూమవ్వ వైపు తిరిగారు.

భూమవ్వ తొణకలేదు. "చివరి మడి దాకా వచ్చిన సారు ఇంటల్లుని లెక్క. మర్యాద ఇయ్యొద్దా?"

హేమ్లి తల ఊపింది. రాజేశ్వర్ ఇదే అదనని ముందుకొచ్చి, సంచులు తన జీతగాళ్లు తెలియక వేశారని, అన్నీ తీయించేశానని, ఫొటోలు పైకి పంపొద్దని వేడుకున్నాడు. అప్పుడు తెలిసింది విజయ్‌కుమార్‌కు తను ఎవరో. రోజూ చెవిన పడి అటే పోయిన మాటలన్నీ ఒక్కసారి వెనక్కి తిరిగొచ్చాయి. నేను ఆఫీసర్ని కాదు, సైకిలు తొక్కి చూద్దామని వచ్చిన మందుల దుకాణం వాణ్నని చెప్పేద్దామని హెల్మెట్ బకిల్ మీద చెయ్యి వేశాడు.

భూమవ్వ పక్కనున్న బర్రె వైపు తిరిగి గట్టిగా అంది. "ఎండ మస్తుగున్నది. సారు టోపీ తియ్యద్దని చెప్పుండ్రి."

విజయ్‌కుమార్ చెయ్యి ఆగిపోయింది. ఆమె గొంతులో ఆజ్ఞ ఉంది, దాని అడుగున వణుకూ ఉంది. హెల్మెట్ తీస్తే పొద్దుగూకేలోగా ఆ సంచులన్నీ మళ్లీ కాలువలో ఉంటాయి. జనమంతా సారు ఒక్కమాట అనాలని ఎదురుచూస్తున్నారు. ఆయనకు ఆఫీసరు మాటలు రావు. ఎదుటివాడు నోరెత్తకుండా వినేలా ఆయన జీవితంలో చెప్పిన మాటలు ఒకటే రకం, అవీ కౌంటరు మీదుగా చెప్పినవి. నోరు తెరిస్తే అవే వచ్చాయి.

"మధ్యల ఆపొద్దు. తగ్గింది కదా అని ఆపితే మళ్ల మొదటికొస్తది. కోర్సు పూర్తి కావాలె. వారం తర్వాత నేనే చూస్త."

కోర్సు అనే మాట ఎవరికీ సరిగ్గా అర్థం కాలేదు. అందువల్ల అందరికీ అది ప్రభుత్వం మాటలాగే వినిపించింది. వంతులవారీగా నీళ్లు వదిలే వారబందీలాంటిదే ఏదో కొత్త పద్ధతి కాబోలనుకున్నారు. రాజేశ్వర్ అయితే రెండుసార్లు పలికి కంఠతా పట్టాడు.

నీళ్లొచ్చేదాకా సారు ఉండాలన్నారు. తుమ్మచెట్టు నీడన కూర్చోబెట్టారు. ఎండ నెత్తికెక్కింది. అప్పుడు హేమ్లి చెయ్యెత్తి అందరినీ ఆగమంది. మొదట వినపడింది చప్పుడే. పొడి ఆకులను ఎవరో ఈడ్చుకొస్తున్నట్టు సన్నటి చప్పుడు. తర్వాత మలుపు దగ్గర ఒక నురగ గీత కనపడింది. పుల్లలు, ఎండుగడ్డి, దుమ్ము ముందు పెట్టుకుని, నెర్రె నెర్రె దగ్గరా ఆగి దిగి, నిండి మళ్లీ కదులుతూ నీళ్లు వచ్చాయి. వాటి వెంట కొంగలు నడిచి వచ్చాయి. నీళ్లు మడిలోకి తిరిగినప్పుడు నేల బుసబుసమని ఊపిరి వదిలింది. ఆ వాసన లేచినప్పుడు అక్కడున్నవాళ్లందరూ, సంచులు వేసినవాళ్లతో సహా, దాన్ని గుండెల నిండా పీల్చుకున్నారు. విజయ్‌కుమార్ రోజూ కుళాయి తిప్పి చూసే నీళ్లే అవి. ఇంత పెద్దవని ఆయనకు తెలియదు. అవి తన కాళ్ల దాకా వచ్చి, ప్యాంటు తడిపి, పక్కనున్న సైకిలును సగం చక్రం దాకా బురదలో దించేస్తుంటే కూడా కదలాలనిపించలేదు. భూమవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. ఆయన కళ్లూ తడిశాయి, నల్లద్దాలు పెట్టుకున్నందుకు బతికిపోయాడు.

జనం వెళ్లాక అత్తగారు ఒక చెంబులో చల్ల తెచ్చి గట్టున పెట్టి, పక్కకు తిరిగి సైకిలుతో మాట్లాడింది. ఈ సంగతి నలుగురికి తెలిస్తే నీళ్లు మళ్లీ ఆగుతాయి, కాబట్టి ఇంట్లో కూడా ఎవరికీ చెప్పొద్దని ఆ సారుకు చెప్పమంది. మమతకు చెప్పడమంటే చుట్టాలందరి ఫోన్లకూ చెప్పడమేనని ఆమెకు తెలుసు. విజయ్‌కుమార్ కూడా సైకిలుకే తల ఊపాడు.

షాపు ముందుకు వచ్చేసరికి రాందాస్ అరుగు మీద తల పట్టుకుని కూర్చున్నాడు. బోధన్ ఆసామి వచ్చి, ఖాళీ స్టాండు చూసి, తిట్టి పోయాడట. సైకిలును చూసి ఏడుద్దామనుకున్నవాడు, అది ఆ బురదతో, అంత దూరం తిరిగి, ఒక్క గీత లేకుండా రావడం చూసి కాసేపు మరిచిపోయాడు. మట్టి గీకి చైను కదిపి వింటే కిక్కురుమనలేదు. తన షాపులో ఇంత వస్తువు ఉందా అని దాని చుట్టూ తిరిగాడు. ఆ తర్వాత షరతు గుర్తు చేసి, స్కూటర్ తాళం జేబులో వేసుకున్నాడు. విజయ్‌కుమార్ షేరింగ్ ఆటోలో ఇంటికి చేరాడు.

మమత గుమ్మంలోనే ఉంది. ఉప్మా చల్లారి గట్టిపడింది. పొద్దుటి నుంచి ఫోనెందుకు ఎత్తలేదని అడగలేదు. అంతకంటే పెద్ద సంగతి ఉందామె దగ్గర. మా అవ్వ ఫోన్ చేసింది, కొత్త సారు సైకిలు మీద వచ్చి చివరి మడికి నీళ్లు తెప్పించిండట, ఎండల నీళ్లు గూడ తాగలేదట, మనిషంటే అతడు అని చెప్పుకుపోయింది. అదే ఆదివారం నాడు ఆటలకు తిరిగొచ్చిన మొగుణ్ని ఎగాదిగా చూసింది. విజయ్‌కుమార్ చెప్పబోయి, సైకిలుకు ఊపిన తల గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు. నీళ్లొచ్చినా సైకిలు రాకుండా పోయిందని ఆయనకు అప్పుడు అర్థమైంది. మమత లెక్కలో తెప్పించినవాడు వేరే ఎవరో కదా.

"గా బురద కాళ్లతోని లోపలికి రాకు," అని నీళ్ల బకెట్ తెచ్చింది మమత. వంగి, ఆయన ప్యాంటు అంచు పట్టుకుని ఆగిపోయింది. నల్లమట్టి, అందులో తెల్లగా మెరిసే చౌడు. చిన్నప్పుడు ఆ మట్టిలో దిగి నాట్లేసిన మనిషి ఆమె. వేలితో కొంచెం గీకి, రుద్దింది, వాసన చూసింది. తలెత్తినప్పుడు ఆమె కళ్లలో ఆయన పెళ్లైనప్పటి నుంచి ఎన్నడూ చూడనిదేదో ఉంది. భర్తను కొత్తగా, కొంచెం భయంగా, ఎంతో ఇష్టంగా చూస్తోంది. కాళ్లు తనే కడిగింది.

"రాందాస్‌కు ఫోన్ చెయ్. సైకిల్ మనమే తీసుకుంటమని చెప్పు. ఆదివారం ఆదివారం మాత్రం మా అవ్వ దిక్కే తొక్కాలె."

అలా విజయ్‌కుమార్‌కు సైకిలు వచ్చింది. పొట్ట తగ్గింది. కాలువలో మళ్లీ ఒక్క సంచీ పడలేదు, భూమవ్వ మడి గింజ పట్టింది. అసలు కొత్త సారును ఇప్పటికీ ఎవరూ చూడలేదు. ప్రతి ఆదివారం ఆయన తెల్ల హెల్మెట్ పెట్టుకుని, మూతికి గుడ్డ కట్టుకుని గట్టు చివరిదాకా వెళ్లి వస్తాడు. రాజేశ్వర్ చేతులు కట్టుకుని నిలబడతాడు, కోర్సు నడుస్తోందని చెబుతాడు. దసరాకు అల్లుడిగా వెళ్తే కోడిని కోసే ఇల్లే అది, ఆఫీసరుగా వెళ్తున్నందుకు ఇప్పుడు వారం వారం చెంబెడు చల్ల పోసి పంపేస్తోంది.